గడి ఖాళీగా వదలకు

ట్యాంకుల షెడ్డు
తిండి బెల్లు కొట్టాక

అత్తా,

తెరచాపలు అందాయి. నీ కుట్టు చూసి షెడ్డులో అందరూ నోళ్ళు తెరిచారు. నా పడవ నంబరు సున్నా, ఏడు అంకెలు కూడా ఎక్కడా వంకర లేకుండా అతికించావు. థాంక్సు మళ్ళీ ఎప్పుడైనా చెప్తాను. ఇది మాత్రం నీ మేనకోడలు కోపంతో రాస్తున్న ఉత్తరం.

నా పడవ ఎలా తయారైందో నీకు తెలుసు. పగలంతా నీళ్ళ ట్యాంకులకి ఫైబరు అద్దడం, పని దిగాక మిగిలిన ముక్కలతో నా పడవకి అద్దుకోవడం. ఎవరూ నేర్పలేదు. పగిలిన ప్రతిసారీ ఎందుకు పగిలిందో చూసుకుని మళ్ళీ మొదలెట్టాను. నిలబెడితే నా నడుం దాకా వస్తుంది. రిమోటు నొక్కితే చుక్కాని తిరుగుతుంది, తెరచాప బిగుస్తుంది. మిగతా పని గాలిది.

ఆదివారం దాన్ని భుజాన వేసుకుని పార్కు చెరువుకి వెళ్ళాను. మా పడవల క్లబ్బుకి పెద్ద ఒక పళ్ళ డాక్టరని చెప్పానే, ఆయన పడవని నిమిరి చూశాడు. "అబ్బ, ఎంత నున్నగా వచ్చిందమ్మా!" అన్నాడు. నేను పొంగిపోయాను. ఆ వెంటనే ఏమన్నాడో తెలుసా? "ఎండ తగలకుండా టేబుల్ కింద పెట్టు. త్వరగా కూర్చో, మొదటి రేసు మొదలెట్టేస్తున్నాం."

టేబుల్ కింద! నా పడవ! రోజంతా నా కాళ్ళ దగ్గర కుక్కపిల్లలా పడుంది. పైన కూర్చుని నేను ఊరందరి పడవలకీ మార్కులు వేశాను. సాయంత్రం అడిగాను, ఏడాది చివరి పెద్ద పోటీలోనైనా నన్ను దించుతారా అని. "నువ్వు దిగితే స్కోరెవరు వేస్తారమ్మా? ఆ కంప్యూటరు షీటు నీకు తప్ప ఎవరికి అర్థమవుతుంది?" అన్నాడు, పొగుడుతున్నట్టు. మూడేళ్ళుగా ఇదే పొగడ్త. ఈ పొగడ్త తీసుకెళ్ళి చెరువులో పారేయాలని ఉంది.

అందుకే అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు రా. టేబుల్ దగ్గర నువ్వు కూర్చో. నేను నీళ్ళ దగ్గర నిలబడతాను. షీటు ఎలా నడపాలో నేను రాసి పంపుతాను. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, నాకు తెలుసు.

ముందుగా ఒక్కటే గుర్తుపెట్టుకో. పసుపు రంగు గడుల్లో మాత్రమే రాయాలి. తెల్ల గడుల్లో లెక్కలు దాక్కుని ఉంటాయి. అక్కడ వేలు పెట్టావో, మొత్తం గోవిందా.

నీ కోడలు

* * *

కుట్టు షాపు
మెట్ల కింద

కోడలా,

నీ ఉత్తరంలో సగం తిట్లు, పావు వంతు పడవ, మిగిలిన పావులో ఒకే ఒక్క పనికొచ్చే ముక్క. పసుపు గడి. సరే, పసుపు గడి. కత్తెర పట్టిన దగ్గర్నుంచి చూస్తున్నాను, కోపంగా కత్తిరించిన బట్ట ఎప్పుడూ పొట్టిదే అవుతుంది. ఈసారి టీ తాగి రాయి.

నాకు కంప్యూటరు రాదు. పక్కన జిరాక్సు షాపు ఆవిడ దగ్గర ఒకటుంది. దాని మీద నేను చేసిన పనల్లా టీ గ్లాసు పెట్టడం, ఆవిడ చేత తిట్టించుకోవడం. అది తెలిసే అడుగుతున్నావా, లేక ఇంకెవరూ దొరక్క అడుగుతున్నావా? రెండోదైతే మొహమాటపడకు, చెప్పెయ్. నేనేమీ అనుకోను. అనుకుంటాననుకో, నీకు చెప్పను.

నువ్వు పంపిన పాత షీటు ఆవిడ తెరిచి చూపించింది. ఇద్దరం చాలాసేపు తలలు పట్టుకున్నాం. అందరికన్నా తక్కువ మార్కులు వచ్చినాయన పేరు పైనుందేమిటే? మీ క్లబ్బులో ఓడినవాడికి కప్పు ఇస్తారా? ఈ అడ్డదిడ్డం అక్షరాలేమిటి, ఓ.సి.ఎస్. అనీ, డి.ఎన్.ఎఫ్. అనీ? మందుల చీటీలా ఉంది.

వస్తానని ఇంకా అనలేదు. రాయి, చూద్దాం.

అత్త

* * *

ట్యాంకుల షెడ్డు
మెట్ల మీద కూర్చుని

అత్తా,

టీ తాగాను. కోపం తగ్గలేదు, కానీ చెయ్యి నిదానించింది.

ఇంకెవరూ దొరక్క కాదు. నువ్వు కొలత ఒకసారి రాసుకుంటే మళ్ళీ అడగవు. అనుమానం వస్తే మాత్రం సిగ్గుపడకుండా మళ్ళీ కొలుస్తావు. నాకు అలాంటి మనిషి కావాలి. కంప్యూటరు వచ్చినవాళ్ళు క్లబ్బు నిండా ఉన్నారు. వాళ్ళు అనుమానం వచ్చినా కొలవరు.

మార్కుల సంగతి. మొదట వచ్చిన పడవకి ఒకటి, రెండోదానికి రెండు, అలా. రోజంతా అన్ని రేసులూ కలిపి ఎవరికి తక్కువుంటే వాళ్ళే గెలిచినట్టు. ప్రతివాళ్ళకీ బాగా చెడిన రేసు ఒకటి లెక్కలోంచి తీసేస్తారు. అది షీటే తీసేస్తుంది, నువ్వు ముట్టుకోకు.

ఆ మూడక్షరాలే అసలు ప్రాణం. డి.ఎన్.ఎఫ్. అంటే మొదలెట్టి పూర్తిచెయ్యలేదు. ఓ.సి.ఎస్. అంటే హారను మోగకముందే లైను దాటేసి, పిలిచినా వెనక్కి రాలేదు. ఇలాంటివాళ్ళకి ఆ రోజు ఎన్ని పడవలుంటే దానికి ఒకటి కలిపి అన్ని మార్కులు పడతాయి. అంటే అందరికన్నా ఘోరం.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఎవరైనా పూర్తిచెయ్యకపోతే ఏం రాయాలో తోచక గడి ఖాళీగా వదిలేస్తారు చూడు, అదే కొంప ముంచేది. ఖాళీ గడిని షీటు సున్నా అనుకుంటుంది. సున్నా అంటే ఒకటి కన్నా తక్కువ. నేను చేరిన కొత్తలో ఒకాయన జ్వరంతో ఇంట్లో పడుకుని మధ్యాహ్నం దాకా పోటీలో మొదటి స్థానంలో ఉన్నాడు! ఎవరూ గమనించలేదు. ఆయన భార్య ఫోన్ చేసి "ఆయన ఇంకా లేవలేదండీ" అంటే అప్పుడు చూసుకున్నారు. కాబట్టి గడి ఖాళీగా వదలకు. అంకె వెయ్యి, లేదా అక్షరాలు వెయ్యి. ఏదో ఒకటి వెయ్యి.

రెండోది. పడవలు లైను దాటుతున్నప్పుడు కంప్యూటరు వైపు చూడకు. ఒకరు నంబర్లు పిలుస్తారు, ఇద్దరు విడివిడిగా కాగితం మీద రాస్తారు. రెండు కాగితాలూ కలిస్తేనే టైపు చెయ్యి. కీబోర్డు కోసం తల వంచిన క్షణంలోనే మూడు పడవలు కలిసి దాటుతాయి, ఎప్పుడూ అంతే.

మూడోది. వరసలు సర్దాలని ఎంత ఆశ పుట్టినా సర్దకు. ఒక కాలమ్ సర్దితే పేర్లు ఉన్నచోటే ఉంటాయి, మార్కులు లేచి పక్కింటికి వెళ్ళిపోతాయి. మా గొడుగాయనకి ఒకసారి డాక్టరుగారి మార్కులు అలాగే వెళ్ళాయి. గొడుగాయనంటే పెద్ద నల్ల గొడుగు కింద కూర్చుని ప్రతి ఫలితానికీ అభ్యంతరం చెప్పే మనిషి. ఆ ఒక్క రోజు మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

నాలుగోది నా నంబరు గురించే. సున్నా ఏడు అని కొడితే షీటు సున్నా మింగేసి ఏడు అని చూపిస్తుంది. తర్వాత సున్నా ఏడు ఎక్కడని వెతికితే దొరకలేదంటుంది. నంబర్ల కాలమ్‌ని ముందే అక్షరాల కాలమ్‌గా మార్చిపెట్టాలి. అప్పుడు మింగదు.

ఇంకోటి. ఎవరి పేర్లూ లేని బోడి షీటు ఒకటి ఎప్పుడూ పక్కన దాచి ఉంచుకో. దాన్ని ముట్టుకోకు. దాని కాపీ మీదే పని. ప్రతి రేసు అయ్యాకా ఆ రేసు నంబరు పెట్టి ఇంకో కాపీ దాచు. తప్పు జరిగితే ఒక్క రేసు వెనక్కి వెళ్తే చాలు, పొద్దుటిదాకా వెళ్ళక్కర్లేదు.

వస్తావా, రావా?

నీ కోడలు

* * *

కుట్టు షాపు
మెట్ల కింద

కోడలా,

వస్తాను.

నీ ఉత్తరం మిషను పక్కన గోడకి అంటించాను. ఒకావిడ జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చి, "సున్నా అంటే ఒకటి కన్నా తక్కువ" అని పైకి చదివి, నాకేమైందోనని నా మొహం వంక చూసింది.

జిరాక్సు ఆవిడా నేనూ సాధన చేస్తున్నాం. పాత బొత్తాల మీద నంబర్లు రాసి సంచిలో వేశాం. ఆవిడ ఒక్కొక్కటీ తీసి పిలుస్తుంది, నేను రాస్తాను, తర్వాత వేలితో వెతుక్కుంటూ టైపు చేస్తాను. మొదటి రోజు సర్దవద్దన్న చోట సర్దాను. నువ్వు వద్దన్నావు కాబట్టే, ఏమవుతుందో చూద్దామని. నిజమే, మార్కులు పక్కింటికి వెళ్ళాయి. ఎరుపు బొత్తానికి రావలసిన కప్పు మా గల్లాపెట్టె తాళంచెవికి వచ్చింది. (బొత్తాలు చాలక దాన్నీ దించాం.) ఇప్పుడు చచ్చినా సర్దను.

గడి ఖాళీగా వదిలి కూడా చూశాను. రేసులోకే రాని తాళంచెవి మళ్ళీ గెలిచింది. ఆ తాళంచెవికి జాతకం బాగుంది.

ఒక సందేహం. ఎండలో తెర కనపడుతుందా? జిరాక్సు ఆవిడ దాన్ని గుమ్మంలోకి తెస్తే నాకు నా మొహమే కనిపించింది, ఉన్న జుట్టు తెల్లబడ్డం కూడా. అందుకని గొడుగు బట్టతో ఒక ముసుగు కుట్టాను. మూడు వైపులా మూసి ఉంటుంది, ముందు నుంచి తల దూర్చాలి. పాతకాలం ఫోటోగ్రాఫరులా ఉంటాను. నవ్వితే తంతాను.

ఇంకో సందేహం. నేను వస్తున్నట్టు మీ డాక్టరుగారికి తెలుసా? రెండు ఉత్తరాలు రాశావు, ఆ మాట ఎక్కడా లేదు.

అత్త

* * *

ట్యాంకుల షెడ్డు

అత్తా,

ముసుగు అద్భుతం. నవ్వాను. తన్ను.

డాక్టరుగారికి చెప్పలేదు. చెప్తే ఏమంటాడో తెలుసు. "వచ్చే ఏడాది చూద్దాంలేమ్మా." నా దగ్గర ఆ ముక్కలు ఇప్పటికే రెండున్నాయి. నువ్వు పొద్దున్నే వచ్చి కూర్చో. నేను పడవతో నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాను. అందరూ వచ్చాక అక్కడ రభస చెయ్యలేరు. కూర్చున్న మనిషిని లేపడం ఎవరికీ చేతకాదు.

నీ కోడలు

* * *

కుట్టు షాపు

కోడలా,

అయితే రాను.

ఎవరి కుర్చీలోనో దొంగచాటుగా కూర్చునే అవసరం నాకు లేదు. పిలిస్తే వస్తాను. పిలవాల్సింది నువ్వొక్కదానివే కాదు, ఆ టేబులు ఎవరిదో వాళ్ళు. నీకు పడవ చెయ్యడానికి ధైర్యముంది, పగిలిన ప్రతిసారీ మళ్ళీ మొదలెట్టావు. ఒక్క మాట అడగడానికి లేదా? అడిగి కాదనిపించుకుంటే అప్పుడు కోప్పడు. నేనూ నీతోపాటు కోప్పడతాను, నా దగ్గర పెద్ద కత్తెరుంది. అడగకుండా కోప్పడితే అది కోపం కాదే, అలక.

ముసుగు మాత్రం మడిచి పెట్టాను.

అత్త

* * *

ఇల్లు
వంటగది బల్ల

అత్తా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. మూడో రోజు పని దిగి, ఆ బట్టలతోనే ఆయన దవాఖానాకి వెళ్ళాను. చేతులకి ఫైబరు నూగు, జుట్టు నిండా తెల్ల పొడి. వరసలో కూర్చున్నవాళ్ళు పక్కకి జరిగారు. నా వంతు వచ్చింది. ఆయన అలవాటుగా "నోరు తెరువు" అన్నాడు.

తెరిచాను. "డాక్టరుగారూ, నేను స్కోరు వెయ్యను. పడవ నడుపుతాను. మా అత్త వస్తుంది, ఆవిడకి అంతా నేర్పాను. మీరు ఒప్పుకుంటే పెద్ద పోటీకి ఆవిడ కూర్చుంటుంది. ఒప్పుకోకపోయినా నేను కూర్చోను" అన్నాను. గుక్క తిప్పుకోకుండా అన్నాను.

ఆయన చేతిలో ఉన్న చిన్న అద్దం బల్ల మీద పెట్టి నా వంక చూశాడు. "పోటీకి దింపుతారా అని అడిగావు. స్కోరు వెయ్యడం ఇష్టంలేదని ఎప్పుడూ అనలేదే?" అన్నాడు. "మీరు అడగలేదు" అన్నాను. "నువ్వు ఆ టేబుల్ దగ్గర రాణిలా కూర్చుంటావు కదమ్మా. నీకది ఇష్టమనుకున్నాను. నిన్ను లేపితే ఏమనుకుంటావో అని భయపడేవాణ్ణి" అన్నాడు.

నిజమే, రాణిలాగే కూర్చునేదాన్ని. కోపంగా కూర్చున్నా రాణిలాగే కనపడతానేమో.

ఆయన ఒప్పుకున్నాడు. గొడుగాయన మాత్రం గోల. "కుట్టుపని చేసే ఆవిడా!" అన్నాడట. "నీ తెరచాప చిరిగినప్పుడు ఎవరి దగ్గరికి పోతావు?" అని డాక్టరుగారు అడిగారట.

నిన్న పెద్ద పోటీ షీటు తయారుచేశాను. పోయినేడాది దాని కాపీ తీసి, పాత మార్కులు చెరిపి, రానివాళ్ళని తీసేసి, కొత్తవాళ్ళని చేర్చాను. లిస్టుకి తాళం వేశాను. పాస్‌వర్డు నా బుర్రలో ఉంది, ఇక ఎవరూ కెలకలేరు. బోడి షీటు పక్కనే ఉంది. నువ్వు పసుపు గడులు నింపడమే.

ఆఖరి జాగ్రత్తలు. పొద్దున లిస్టు చేత్తో పట్టుకుని పడవల్ని వెతక్కు. తెల్ల కాగితం తీసుకుని ఒడ్డు పొడుగునా నడిచి, ప్రతి పడవనీ చేత్తో ముట్టుకుని, తెరచాప మీది నంబరు రాసుకో. పడవ నడిపే మనిషి చేత దాని పక్కన సంతకం పెట్టించు. ఆ తర్వాతే ఆ కాగితం, షీటు పక్కపక్కన పెట్టి చూడు. లిస్టు చూసి వెతికితే లిస్టులో ఉన్నవే కనపడతాయి.

అడుగున ఒక గడి ఉంటుంది. లైను చేరినవాళ్ళూ చేరనివాళ్ళూ కలిసి మొత్తం పడవలకి సమానమైతే పచ్చగా ఉంటుంది. ఎర్రగా ఉంటే ఫలితం చదవకు, ఎవరు మీద పడి అడిగినా సరే.

ఎవరి మొహమూ చూసి మార్కు వెయ్యకు. గొడుగాయన అరిస్తే కాగితం మీద రాసిమ్మను. డాక్టరుగారు నవ్వితే నువ్వు కూడా నవ్వు, అంకె మార్చకు. నేనొచ్చి బతిమాలినా అంతే.

బస్సు దిగగానే పార్కు గేటు కనిపిస్తుంది. నేను గేటు దగ్గరే ఉంటాను.

నీ కోడలు

* * *

ట్యాంకుల షెడ్డు
పోటీ అయిన మర్నాడు

అత్తా,

నిన్న బస్టాండులో నీతో మాట్లాడలేదు. మాట్లాడితే అరుస్తానని మాట్లాడలేదు. ఇప్పుడు అరుస్తున్నాను.

ఓ.సి.ఎస్.! ఆఖరి రేసులో! నాకు! నీ మేనకోడలికి!

అప్పటిదాకా ఆరో స్థానంలో ఉన్నాను. మొదటిసారి నీళ్ళలో దిగినదాన్ని, ఆరో స్థానం! ఆ ఆఖరి రేసులో గాలి తిరిగింది. అది నేనొక్కదాన్నే చూశాను. అందరూ కుడి వైపు పోతుంటే నేను ఎడమకి తిప్పాను. నీ తెరచాప నిండుగా పొంగింది, పడవ ఒక పక్కకి ఒరిగి నీళ్ళని కోసుకుంటూ వెళ్ళింది. నాలుగోదాన్నిగా లైను దాటాను. నాలుగు! గాల్లోకి ఎగిరాను. గొడుగాయన చప్పట్లు కొట్టాడు కూడా.

తీరా వచ్చి చూస్తే నా వరసలో నాలుగు లేదు, మూడక్షరాలున్నాయి. ఇరవైమూడు మార్కులు! రెండో రేసులో నాచులో ఇరుక్కుని ఆగిపోయాను కదా, తీసివెయ్యాల్సిన ఒక్క రేసూ అక్కడే ఖర్చయిపోయింది. ఆరు నుంచి తొమ్మిదికి జారాను.

లైను దాటడం ఎంత, ఒక బెత్తెడు. నిజంగా దాటానో లేదో కూడా నాకు తెలీదు. పిలిచారట, నాకు వినపడలేదు. నన్ను ఒక్కసారి కేకెయ్యొచ్చుగా? తల ఎత్తి నా వంక చూడొచ్చుగా? ఆ ముసుగులో తల దూర్చి అంకెలు కొట్టుకుంటూ కూర్చున్నావు.

చెప్పు, ఎందుకు వేశావు?

నీ కోడలు

* * *

కుట్టు షాపు
మెట్ల కింద

కోడలా,

అరిచావుగా, ఇప్పుడు కూర్చో. నీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు కావాలనే చెప్పలేదు.

పొద్దున నువ్వు చెప్పినట్టే తెల్ల కాగితం పట్టుకుని ఒడ్డంతా నడిచాను. ప్రతి పడవనీ ముట్టుకున్నాను. నీ పడవని కొంచెం ఎక్కువసేపే ముట్టుకున్నాను, కుట్టు సరిగ్గా ఉందా అని. నీ చేత సంతకం పెట్టించుకున్నాను. నువ్వు ఆ హడావిడిలో సగం సంతకమే పెట్టావు. టేబుల్ దగ్గరికొచ్చి కాగితం, షీటు పక్కపక్కన పెట్టాను. కాగితం మీద ఇరవైరెండు, షీటులో ఇరవైఒకటి. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చాను. మిగిలింది సున్నా ఏడు.

నువ్వే లేవే షీటులో. అందరినీ చేర్చావు, జ్వరం వచ్చినాయనతో సహా. నిన్ను నువ్వు చేర్చుకోలేదు.

డాక్టరుగారిని పిలిచి చూపించాను. ఆయన తల గోక్కున్నాడు. గొడుగాయన వెంటనే, "లిస్టుకి తాళం పడింది కదండీ. తాళం పడ్డాక కొత్త పడవ కుదరదు. రూలు రూలే" అన్నాడు. నేను గోడ మీంచి పీకి తెచ్చిన నీ ఉత్తరాల్లో ఆఖరిది తీశాను. "ముట్టుకుని, సంతకం పెట్టించి, ఆ తర్వాతే షీటు అని రాసింది మీ రాణి. సంతకం ఇదిగో. తాళం తొందరపడి పడింది, పడవ కాదు" అన్నాను. గొడుగాయన కాగితం తీసుకుని సంతకాలన్నీ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత "సరే, కొట్టండి" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదే, కాగితం కనపడితే చాలు.

డాక్టరుగారు "పాస్‌వర్డు అమ్మాయికే తెలుసు, పిలవనా?" అన్నాడు. నేను వద్దన్నాను. నువ్వు నీళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చుక్కాని సరిచూసుకుంటున్నావు. పిలిస్తే ఒక్క పరుగున వస్తావు. వచ్చి, "ఇలా ఇవ్వండి" అని ఈ కుర్చీలో కూర్చుంటావు. కూర్చున్న మనిషిని లేపడం ఎవరికీ చేతకాదని రాసింది నువ్వే. అందుకే పిలవనివ్వలేదు.

బోడి షీటు తీశాం. కాగితం చూసి నేను చదువుతుంటే డాక్టరుగారు టైపు చేశాడు, రెండు వేళ్ళతో, పన్ను పీకుతున్నంత జాగ్రత్తగా. ఎండ మా మీద పడుతోందని గొడుగాయన తన గొడుగు తెచ్చి పట్టుకున్నాడు, ముసుగు ఉందని చెప్పినా వినకుండా. ఆఖరి వరసలో నీ నంబరు. డాక్టరుగారు ఏడు అని కొట్టాడు. "ముందు సున్నా పెట్టండి, లేకపోతే అది దొరకదు" అన్నాను. "ఓహో, దీనికిదా కిటుకు" అని సున్నా పెట్టాడు. షీటులో కూడా ఇరవైరెండు అయ్యాయి. ముగ్గురం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు హారను మోగించమన్నాం.

ఇక ఆఖరి రేసు. లైను దగ్గర నిలబడ్డ ఇద్దరూ విడివిడిగా రాసుకున్నారు, ఇద్దరి కాగితాల మీదా సున్నా ఏడు, ముందే దాటింది అని ఉంది. రెండుసార్లు పిలిచారు. నీకు వినపడలేదు, నువ్వు గాలి మాట వింటున్నావు. కాగితాలు నా దగ్గరికి వచ్చాయి. ఆ ముసుగులో ఎంతసేపు తల దూర్చి ఉన్నానో నాకే తెలుసు. నాలుగు కొట్టాలని వేలు ఎంత లాగిందో కూడా నాకే తెలుసు. నాలుగు వెయ్యలేను, గడి ఖాళీగా వదల్లేను. ఆ మూడక్షరాలూ కొట్టాను.

పొద్దున నిన్ను వరసలో చేర్చింది ఏ కాగితమో, సాయంత్రం నీకు ఆ మూడక్షరాలు వేసిందీ ఆ కాగితమే. ఒకదాన్ని ఒప్పుకుని ఇంకోదాన్ని చింపమంటే ఎలాగే?

నీ మొహం చూడలేదన్నావు. చూడొద్దని రాసింది నువ్వు కాదూ.

ఆ ఎడమ తిప్పుడు మాత్రం చూశాను. ముసుగులోంచి తల బయటపెట్టి చూశాను. నా తెరచాప అంత నిండుగా పొంగుతుందని నాకే తెలీదు.

అత్త

* * *

పార్కు చెరువు
బెంచీ మీద

అత్తా,

నీ ఉత్తరం షెడ్డులో నిలబడి చదివాను. చదివి గట్టిగా నవ్వాను, పక్కవాడు చేతిలో బ్రష్షు పడేసుకున్నాడు.

నన్ను నేను వదిలేశాను! పోయినేడాది షీటు కాపీ తీశాను కదా, అందులో నేనెలా ఉంటాను? మూడేళ్ళుగా అందరి నంబర్లూ కొడుతున్న చెయ్యికి నాదొకటుందని తట్టలేదు. నీ స్థానంలో ఇంకెవరైనా ఉంటే ఆ షీటే ముందు పెట్టుకుని మొదలెట్టేసేవారు. మొదటి రేసు అయ్యాక అడుగు గడి ఎర్రబడేది, నేను పడవ వదిలేసి టేబుల్ దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఇక అక్కడే కూర్చునేదాన్ని.

ఓ.సి.ఎస్. సరైనదే. సరిగ్గా వేశావు. నాలుగు వేసి ఉంటే ఇప్పుడు ఊరుకుని, ఎప్పుడో ఒకసారి నిన్ను తిట్టేదాన్ని. తొమ్మిదో స్థానం నాది, ఎవరూ దయతో ఇచ్చింది కాదు. ఈసారి హారను ముందు లైనుకి ఒక పడవ పొడుగు వెనక నిలబెడతాను, చెవులు కూడా తెరిచి పెట్టుకుంటాను.

ఇప్పుడు జరిగింది విను. ఇవాళ మామూలు ఆదివారం పోటీ. నేను వచ్చేసరికి టేబుల్ మీద నీ ముసుగు వేసుంది, దాని లోపలి నుంచి తెల్ల చొక్కా వెనకభాగం కనపడుతోంది. పళ్ళ డాక్టరు! "ఇవాళ నేను వేస్తాను. మీ అత్త నేర్పింది" అన్నాడు లోపల్నుంచే. లిస్టు మాత్రం నా చేతికిచ్చాడు. మొదటి వరసలో నా నంబరు నేనే కొట్టాను, సున్నాతో సహా. తర్వాత మిగతా జనం.

రెండో రేసు అయ్యాక, అడుగు గడి రంగు చూడకుండానే కాబోలు, స్థానాలు చదివాడు. మొదటి స్థానం గొడుగాయనకట! గొడుగాయన పడవ మొదటి మలుపులోనే బ్యాటరీ అయిపోయి చెరువు మధ్యలో తేలుతోంది. ఆయన గొడుగు కింద కూర్చుని ఏమీ అభ్యంతరం చెప్పట్లేదు.

నాకు అర్థమైపోయింది. కాళ్ళు వాటంతటవే టేబుల్ వైపు తిరగబోయాయి. కానీ మూడో రేసుకి అందరూ లైను వైపు పోతున్నారు, నా పడవ అప్పటికే నీళ్ళలో ఉంది, గాలి పడుతోంది. తిరగలేదు. రిమోటు రెండు చేతులతో పట్టుకుని, పడవ మీంచి కళ్ళు తీయకుండా, ఉన్నచోటు నుంచే అరిచాను:

"గడి ఖాళీగా వదలకండి డాక్టరుగారూ!"

వెనక నుంచి "ఆఁ, ఆఁ, వేస్తున్నా, వేస్తున్నా!" అని వినపడింది. గొడుగాయన నిట్టూర్పు కూడా వినపడింది. హారను మోగింది. నేను లైనుకి వెనకే ఉన్నాను.

గాలి ఎక్కువున్న రోజులకి ఇంకో జత తెరచాపలు కావాలి, ఇంకాస్త పొట్టివి. కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. కోపంగా రాయలేదు, టీ తాగే రాశాను.

నీ కోడలు